తీర్పు తీర్చవద్దన్న ప్రభువు మాటకు, సంఘ క్రమశిక్షణకు పొంతన ఎలా?

ప్రశ్న:
ప్రభువు నామమున అందరికీ వందనాలు. మా సంఘంలో ఒక యువకుడు మద్యానికి అలవాటుపడ్డాడన్న మాట పెద్దల దాకా వెళ్ళగా, కొంతకాలం అతనికి ప్రభురాత్రి భోజనం (ప్రభువు జ్ఞాపకార్థం సంఘంలో పంచుకునే రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వకూడదని వారు నిర్ణయించారు. మత్తయి 7:1లో తీర్పు తీర్చకుడని ప్రభువే చెప్పాడు గనుక ఆ అధికారం ఎవరికీ లేదని కొందరు, 1 కొరింథీయులకు 5వ అధ్యాయంలో సంఘం లోపలివారికి తీర్పు తీర్చాలని పౌలు రాశాడు గదా అని మరికొందరు వాదిస్తున్నారు. రెండూ లేఖనాలే అయినప్పుడు మేము దేనిని పాటించాలి?

జవాబు 1:
వందనాలు సహోదరీ. మత్తయి 7ను మొదటి వచనంతో ఆపకుండా అయిదో వచనం వరకు చదివితే, సహోదరుని కంటిలోని నలుసును అలాగే వదిలేయమని ప్రభువు చెప్పలేదని తెలుస్తుంది; ముందు నీ కంటిలోని దూలాన్ని తీసివేసుకో, అప్పుడే నలుసును తీయడానికి నీకు తేటగా కనబడుతుందన్నాడు. మంచిచెడులను వివేచించడాన్ని ఆయన నిషేధించలేదు. ఎదుటివాడి హృదయమంతా మనకు తెలిసినట్టు, దేవుని స్థానంలో మనం కూర్చుని అతణ్ణి తోసిపుచ్చడాన్ని నిషేధించాడు. లూకా 18లో ప్రభువు చెప్పిన ఉపమానంలో, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడొకడు, సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) ఒకడు ప్రార్థనకు వెళ్ళారు. ఆ పరిసయ్యుడు చెప్పుకొన్న ఉపవాసాలు, దశమభాగాలు అబద్ధాలని ప్రభువు అనలేదు. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది, పాపినని ఒప్పుకుని రొమ్ము కొట్టుకున్న సుంకరే.

ఇక కొరింథు సంగతి. తన తండ్రి భార్యను ఉంచుకున్న మనిషి గురించి పౌలు రాస్తూ, దాన్ని చూసి దుఃఖపడవలసిన మీరు ఉప్పొంగుతున్నారని ముందుగా సంఘాన్నే గద్దించాడు. రెండో పత్రికలో, శిక్ష పొందిన ఒకడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా అతణ్ణి క్షమించి ఆదరించమన్నాడు. మీ పెద్దల నిర్ణయంలో ఆ యువకుణ్ణి తిరిగి చేర్చుకునే దారి ఉందా?

జవాబు 2:
నాలుగో శతాబ్దంలో ఐగుప్తులోని స్కేటిస్ ఎడారిలో మోషే అనే సన్యాసి ఉండేవాడు. అంతకుముందు ఆయన దోపిడీ దొంగ. తప్పుచేసిన ఒక సహోదరుణ్ణి విచారించే సభకు రమ్మని పిలిస్తే, చిల్లుల బుట్టలో ఇసుక నింపుకుని వీపున మోసుకొచ్చాడట. నా పాపాలు నా వెనుక కారిపోతున్నాయి, వాటిని చూడలేని నేను మరొకరికి తీర్పు తీర్చడానికి వచ్చాను అన్నాడని, అది విని అక్కడివారు ఆ సహోదరుణ్ణి క్షమించారని చెబుతారు.

జవాబు 3:
ఆ వృత్తాంతం నాకూ ఎంతో ప్రియమైనది. కానీ ఈ యువకునికి క్షమాపణతోపాటు ఆ అలవాటు నుంచి బయటపడే సహాయమూ కావాలి, దానికి ఎవరో ఒకరు అతనితో నిజం మాట్లాడాలి. మత్తయి 18:15 ప్రకారం మొదటి మెట్టు ఒంటరిగా వెళ్ళి మాట్లాడటం. పెద్దల్లో ఒక్కరైనా అలా వెళ్ళారో లేదో కనుక్కోండి. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటిచ్చి బీదవాణ్ణి కింద కూర్చోబెట్టడాన్ని యాకోబు 2వ అధ్యాయంలో ఖండించాడు గనుక, కానుకలు ఎక్కువగా ఇచ్చే కుటుంబంలో ఇదే అలవాటు బయటపడినా ఇదే నిర్ణయం ఉంటుందా అని కూడా పెద్దలను వినయంగా అడగండి.