ఎలక్ట్రిక్ స్కూటర్ని ఓడలో పంపాలంటే నిప్పు భయం ఎంత? పంపినవాళ్లు చెప్పండి

అమలాపురం_టీచరు:
అందరికీ నమస్కారమండీ. మా తమ్ముడికి పోర్ట్ బ్లెయిర్ బదిలీ అయింది. వాడి ఎలక్ట్రిక్ స్కూటరు విశాఖ నుంచి సరుకు ఓడలో పంపుదామంటే, పెట్రోలు బండి వెంటనే తీసుకునే ఏజెంటు దీనికి మాత్రం బ్యాటరీ కాగితాలు కావాలి, ఛార్జి తగ్గించి తేవాలి అంటున్నాడు. పెట్రోలు కంటే బ్యాటరీకి ఎందుకింత భయం?

కాకినాడ_సెయిలర్:
టీచరు గారూ, నేను కార్ల ఓడల్లో పనిచేస్తానండి. పెట్రోలు మంటైతే డెక్కు మూసేసి కార్బన్ డయాక్సైడ్ వదిలితే గాలి అందక చచ్చిపోతుంది. బ్యాటరీ అలా కాదు. బ్యాటరీ ప్యాకంటే చిన్న చిన్న సెల్లుల కట్ట, అందులో ఒక సెల్లు అదుపు తప్పి వేడెక్కితే లోపలి రసాయనాలే ఇంకా వేడినీ మండే వాయువుల్నీ పుట్టిస్తాయి, ఆ వేడి పక్క సెల్లుకి పాకుతుంది. గాలి ఆపినంత మాత్రాన అది ఆగదు. నీళ్లతో గంటల తరబడి చల్లార్చాలి, ఆరిందనుకున్నాక కూడా మళ్లీ రాజుకోవచ్చు. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. కార్ల ఓడలో బండికీ బండికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు కూడా కష్టమే. శ్వాస పరికరం తగిలించుకుని, గొట్టం లాక్కుంటూ అందులోకి దూరేది మావాళ్లే. పోనీ నీళ్లు ధారాళంగా కొడదామంటే, పై డెక్కుల్లో నిలిచిన నీటికి ఓడ ఒరిగిపోతుందన్న భయం.

2025 జూన్ 3న అలాస్కా దక్షిణాన మార్నింగ్ మిడాస్ అనే ఓడలో మంటలొచ్చాయి. దాదాపు 3,000 బళ్లు, వాటిలో పూర్తి ఎలక్ట్రిక్‌వి 70 వరకు. అందులోని 22 మందీ లైఫ్‌బోటులో బయటపడ్డారు, ఓడ మాత్రం అదే నెల 23న మునిగిపోయింది.

నరసాపురం_రేవు:
అంటే ఓడల్ని తగలబెడుతున్నది ఈ బళ్లేనా అన్నా?

కాకినాడ_సెయిలర్:
అలా తేల్చెయ్యకు తమ్ముడూ. 2023 జూలైలో నెదర్లాండ్స్ తీరంలో ఫ్రీమాంటిల్ హైవే అనే కార్ల ఓడ కాలినప్పుడు అందరూ ఎలక్ట్రిక్ కార్లనే అన్నారు. 3,783 కార్లలో అవి 498. తీరా రేవుకి లాక్కొచ్చి చూస్తే, కింది డెక్కుల్లో వెయ్యి దాకా కార్లు బాగానే ఉన్నాయి, వాటిలో ఎలక్ట్రిక్‌వీ ఉన్నాయి. మంట ఎలా మొదలైనా, బ్యాటరీల దాకా పాకితే ఆర్పడం ఇంకా కష్టమైపోతుంది, నా భయం అదీ. ఆ ఓడలో ప్రాణం పోయింది మన భారతీయుడికేనయ్యా. కొందరు సముద్రంలోకి దూకాల్సొచ్చింది.

యానాం_క్లియరింగ్:
కాగితాల సంగతి నేను చెప్తానండి. సముద్రంలో ప్రమాదకర సరుకులు పంపడానికి ఐఎండీజీ కోడ్ అని అంతర్జాతీయ నిబంధనలున్నాయి. బ్యాటరీ బండి అందులో 9వ తరగతి, అంటే ఇతరత్రా ప్రమాదకర సరుకులు. ఏ సరుకో గుర్తించడానికి దానికో యూఎన్ నంబరుంటుంది. ఇదివరకు బ్యాటరీ బళ్లన్నిటికీ యూఎన్ 3171 నంబరే, ఇప్పుడు లిథియం అయాన్ బ్యాటరీ బండికి విడిగా 3556 వచ్చింది. ఆ నంబరు తెచ్చిన కోడ్ సవరణ 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఛార్జి ఎంత ఉండాలన్నది ఓడ కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి అంకె రాతలో తీసుకోండి. ఛార్జి తక్కువుంటే సెల్లులో శక్తీ తక్కువే, తేడా వచ్చినా మంట ఉధృతి తగ్గుతుంది. అలాగని సున్నాకి దింపకండి, అది బ్యాటరీకే చేటు.

ముక్తేశ్వరం_మెకానిక్:
అన్నిటికన్నా ముందు ఒకటి అడుగుతానండి. బండి ఎప్పుడైనా వరదలో నిలబడిందా? మన లంకల్లో ఇది అడక్కుండా బ్యాటరీ బండి ముట్టుకోకూడదు. ప్యాకులోకి నీరు దూరితే, అందులోనూ సముద్రం పోటు నీరైతే, ఆరాక ఉప్పు మిగిలి లోపల షార్టవుతుంది. అదీ వెంటనే కాదు, రోజులో వారాలో గడిచాక. 2022లో ఫ్లోరిడాలో ఇయాన్ తుఫాను తర్వాత ఉప్పునీట మునిగిన ఎలక్ట్రిక్ కార్లు ఇలాగే అంటుకున్నాయి. ఎండబెట్టాం, స్టార్టవుతోంది కదా అన్నది లెక్కలోకి రాదు. కింద పడి ప్యాకు సొట్టపోయినా, బయట ఎక్కడో సెల్లులు మార్పించినా అంతే. ఏజెంటు దగ్గర దాచొద్దండీ, నడిసముద్రంలో పక్కనుండేది ఈ సెయిలర్ గారి లాంటివాళ్లు.

నరసాపురం_రేవు:
గోదావరి దాటించే మా సఖినేటిపల్లి పంటు మీదా ఇదే ఆలోచించాలి. బైకులన్నీ ఒకదానికొకటి ఆనించి పెడతారు, మధ్యలో జనం. వేడివాసనొచ్చే బ్యాటరీ బండిని రేవులోనే ఆపెయ్యాలి, ఏటి మధ్యలో ఎటు పోతాం?

అమలాపురం_టీచరు:
మెకానిక్ గారూ, మీరడిగింది మంచిదైందండి. తమ్ముణ్ణి అడిగితే మొన్న వరదకి ఫుట్‌బోర్డు దాకా నీరొచ్చిందన్నాడు. ఈ వారమే సర్వీసు సెంటరుకి తీసుకెళ్లి ప్యాకు పరీక్ష చేయిస్తాం. బాగుందని రాసిస్తేనే ఏజెంటుకి వరద సంగతి కూడా చెప్పి పంపుతాం, లేదంటే వాడు అక్కడే వేరే బండి కొనుక్కుంటాడు.