2001–2010 ఏడాదికో సినిమా: సీమవాళ్ళ జాబితాలో ఫ్యాక్షన్ సినిమాకు చోటుండాలా?

హంద్రీ గట్టు (కర్నూలు)

ఇంటర్‌లో చేరినప్పటి నుంచి చూసిన ప్రతి సినిమానూ ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఏ థియేటర్, ఏ ఆట, పక్కన ఎవరున్నారు, అన్నీ. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మా కింది వాటాలో బీరువాతో పాటు అది కూడా పోయింది. బురద ఎత్తిపోసేటప్పుడు అట్ట దొరికింది. లోపలి కాగితాలు ముద్దయిపోయాయి. అందుకని ఈ జాబితా జ్ఞాపకం మీదే రాస్తున్నా. మరిచిపోయిన సినిమా ఎట్లాగూ ఇష్టమైన సినిమా కాదు కదా.

ఏడాదికి ఒక్కటే అనుకున్నా. ఇంకో నియమం కూడా పెట్టుకున్నా: ఫ్యాక్షన్ సినిమా ఒక్కటి కూడా ఉండకూడదు. 1999లో సమరసింహారెడ్డి ఆడింది. 2001 సంక్రాంతికి నరసింహనాయుడు ఆడింది. ఇక 2002 ఒక్క ఏడాదిలోనే ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి. వాటికి నేనూ విజిల్ వేశా. ఆ రోజు పడ్డ సంతోషం అబద్ధం కాదు. కానీ ఇష్టమైన సినిమా అంటే మనతో పాటు ఇంటికి వచ్చేది. మన ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడు కాస్త జరిగి కూర్చునేలా చేసిన కథలను ఇంట్లోకి ఎట్లా రానిస్తాం?

2001కి మురారి. మా అక్క పెళ్ళిలో వీడియో తీసినతను ఆ సినిమా పెళ్ళిపాటే పెట్టాడు. ఆ ఏడాది నేను వెళ్ళిన ప్రతి పెళ్ళిలోనూ అదే పాట. 2002కి నువ్వే నువ్వే. త్రివిక్రమ్ దర్శకుడిగా తీసిన మొదటి సినిమా. అందులో ప్రేమికుల కంటే తండ్రీకూతుళ్ళే నాకు గుర్తున్నారు. 2003కి ఒక్కడు. 2004కి ఆనంద్. శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్. వచ్చిన రోజే ఇది కూడా వచ్చింది. చిరంజీవి సినిమాకు టికెట్ దొరక్క దీనికి పోయాం, మరుసటి రోజు మళ్ళీ దీనికే పోయాం. 2005కి అనుకోకుండా ఒక రోజు.

2006కి గోదావరి. దీని గురించి కొంచెం చెప్పాలి. మే నెలలో విడుదలైంది. మే నెలలో మా తుంగభద్రలో ఇసుక, బండలు తప్ప ఏముంటాయి? ఇంట్లో రోజు మార్చి రోజు నీళ్ళు పట్టుకుంటూ, సాయంత్రం ఆటకు పోయి కూర్చుంటే, రెండు గంటలకు పైగా తెర నిండా నీళ్ళు. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ అట్లా పోతూనే ఉంటుంది. కోనసీమవాళ్ళు ఆ సినిమా ఎట్లా చూశారో తెలియదు గానీ, నేను మాత్రం దాహంతో చూశాను.

2007కి హ్యాపీ డేస్, 2008కి గమ్యం. వీటికి పెద్దగా వాదన అక్కర్లేదనుకుంటా. 2009కి అరుంధతి. కథ జరిగేది తుంగభద్ర దాటితే వచ్చే గద్వాలలో, సినిమాలో కనిపించే బంగ్లా ఉన్నది మన బనగానపల్లెలో. సినిమా చూశాక నలుగురం బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాం. 2010కి వేదం.

నా నియమం సరైనదేనా? మీరేమంటారు?

రాజ్‌విహార్ సెకండ్ షో (కర్నూలు)

అన్నా, ఫ్యాక్షన్ వద్దని చెప్పి, నాలుగు లైన్ల తర్వాత ఒక్కడు రాసినావు. మరి ఓబుల్ రెడ్డి ఎవరు? సుమోలు ఎవరివి? కబడ్డీ ఆడడానికి వచ్చిన హైదరాబాద్ పిల్లోడు కర్నూలు ఫ్యాక్షనిస్టు చేతి నుంచి అమ్మాయిని తప్పించడమే కదా కథ. మన ఊరి కొండారెడ్డి బురుజు కనిపించిందని మాఫీ చేసినట్టున్నావు.

ఇంకో మాట. మరుసటి ఏడాది అదే కథను తమిళంలో గిల్లి పేరుతో తీశారు. కర్నూలు తీసేసి మదురై పెట్టారు. విలన్ అదే ప్రకాష్ రాజ్. అక్కడా బ్రహ్మాండంగా ఆడింది. ఊరు మార్చినా కథకు ఏమీ కాలేదంటే ఆ సినిమాకు కర్నూలుతో పనేమీ లేదనే కదా అర్థం. ఒక రౌడీ ఊరు కావాల్సి వచ్చింది, మనది దొరికింది.

అదే ఇంద్ర చూడు. రెండు కుటుంబాలు కొట్టుకోవడం ఒక్కటే కాదు, నీళ్ళు లేని సీమ కూడా కథలో ఉంది. 2002 జూలై 24న మొదటి ఆట చూసినవాళ్ళల్లో నేనొకణ్ణి. మా నాయన లారీ డ్రైవరు. సినిమాలంటే పడదు. ఆయనే నా చెయ్యి పట్టుకుని లైన్లో నిలబెట్టినాడు. ఆ ఒక్కసారే ఆయనతో కలిసి థియేటర్‌లో సినిమా చూసింది. 2002కి నాకు వేరే సినిమా ఉండదు. దాన్ని ఫ్యాక్షన్ అని తీసేయమంటే నేను ఒప్పుకోను.

అతడు, పోకిరి, మగధీర లేని పదేళ్ళ జాబితా ఎట్లా రాశావో కూడా చెప్పు.

కడప గడప (కడప)

నేను నియమం వైపే ఉంటాను. కారణం సినిమా కాదు, ఇల్లు. 2004లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు అద్దెకు ఒక ఇల్లు చూశాం. అడ్వాన్స్ మాట్లాడుకున్నాక ఇంటావిడ ఊరు అడిగింది. కడప అన్నాను. రెండు రోజుల్లో చెప్తామంది. మళ్ళీ ఫోన్ రాలేదు. ఆమె కడప ఎప్పుడైనా చూసిందా అంటే లేదు. చూసింది సినిమాలే. ఆ రాత్రి మా హాస్టల్‌లో ఎంత ఏడ్చానో నాకు తెలుసు.

ఇంకోటి ఎవరూ అడగలేదు, నేను అడుగుతున్నా. ఆ సినిమాల్లో మన భాష ఎవరి నోట ఉంది? చాలావాటిలో విలన్‌దీ, విలన్ పక్కన కత్తి పట్టుకున్నవాడిదీ సీమ యాస. సీమలోనే పుట్టిన హీరో మాత్రం పుస్తకంలో రాసినట్టు మాట్లాడతాడు. మా అమ్మ మాట్లాడే మాట వినగానే థియేటర్లో జనం భయపడాలి, లేదా నవ్వాలి. ఇది నన్ను సుమోల కంటే ఎక్కువ బాధపెట్టింది.

అయితే 2010కి మర్యాద రామన్న పెట్టాలి అంటాను. అందులోనూ పగ ఉంది, రాయలసీమే ఉంది. గడప లోపల రక్తం చిందకూడదన్న మాట మీద ఆ ఇంటి పెద్ద నిలబడతాడు. చంపాలనుకున్నవాడికే విస్తరేసి అన్నం పెడతారు. పగను గొప్పగా చూపించకుండా, దాన్ని చూసి నవ్వేలా చేసిన సినిమా అది. హీరో సునీల్, తొడగొట్టే మనిషి కాదు, పారిపోయే మనిషి.

తమ్ముడూ, గోదావరి గురించి రాసింది చదివి ఆ సినిమా మళ్ళీ చూడాలనిపించింది. ఆనంద్, గోదావరి రెండింటిలోనూ అమ్మాయికి తన ఉద్యోగం, తన కోపం, తన నిర్ణయం ఉన్నాయి. ఆ రోజుల్లో అది మాకు ఎంత అవసరమో మగవాళ్ళకు చెప్పినా పూర్తిగా అర్థం కాదు.

రాజ్‌విహార్ సెకండ్ షో (కర్నూలు)

అక్కా, మీ ఇంటి సంగతి చదివాక ఏం రాయాలో తోచలేదు. యాస గురించి మీరు చెప్పింది నిజం, నేనెప్పుడూ ఆ వైపు ఆలోచించలేదు. కానీ మర్యాద రామన్న కథ సీమది కాదు. 1923లో వచ్చిన బస్టర్ కీటన్ మూకీ సినిమా నుంచి తీసుకున్నది. తర్వాత హిందీలో పంజాబ్‌కు మార్చారు. గిల్లి విషయంలో నేను చెప్పింది దీనికీ వర్తిస్తుంది.

కడప గడప (కడప)

కథ ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు ముఖ్యం కాదు తమ్ముడూ. ఇక్కడికి వచ్చాక ఇక్కడి మనిషిలా కూర్చుందా లేదా అన్నదే చూస్తా. ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టకుండా పంపని ఇళ్ళు మనవి. అది తెరమీద చూడడం అదే మొదటిసారి నాకు.

మగ్గం గుంట (ధర్మవరం)

నేను ఇద్దరితోనూ ఏకీభవించలేను. పేరు చెడిందని మీరు బాధపడుతున్నారు. సరే. కానీ ఫ్యాక్షన్ సినిమావాళ్ళు పుట్టించింది కాదు. మా మేనమామ ఊళ్ళో అది నిజంగా జరిగింది. ఆయన ఎవరినీ కొట్టలేదు. ఒక ఇంటివాళ్ళకు బంధువు, అంతే. పదకొండేళ్ళు ఊరికి దూరంగా బతికినాడు. ఆయనకు సెకండ్ షో అంటే ప్రాణం. ఆ తర్వాత థియేటర్‌కు పోవడం మానేశాడు. చీకట్లో వెనక వరుసలో ఎవరు కూర్చున్నారో తెలియదు కదా అనేవాడు.

అందుకే నా ఫిర్యాదు వేరు. ఫ్యాక్షన్ సినిమాలు ఎక్కువ వచ్చాయని కాదు, ఒక్కటీ పూర్తిగా రాలేదని. నరికేది చూపించారు. నరికిన ఇంట్లో మూడో రోజు ఏం జరుగుతుందో చూపించలేదు. పంట ఎవరు కోస్తారు, బడి మానేసిన పిల్లలు ఎక్కడికి పోతారు, కోర్టు వాయిదాలకు ఎన్ని ఎకరాలు అమ్ముకుంటారు, వీటిలో ఒక్కటైనా కథలో ఉందా? మీ నియమంతో ఆ కథకు కూడా తలుపు మూస్తున్నారు. రేపు ఎవరైనా నిజాయితీగా తీస్తే అది కూడా ఫ్యాక్షన్ సినిమానే కదా.

2010కి వేదం సరైనదే. కోడలి కిడ్నీ అమ్మి అప్పు తీర్చాలని పట్నం వచ్చిన నేత రాములుది సిరిసిల్ల. మా మగ్గాల వీధిలో కూర్చుని చూసినవాళ్ళకు ఆయన ధర్మవరం మనిషే. ఆ పాత్ర వేసిన నాగయ్య కళ్ళు మా నాయన కళ్ళలా ఉంటాయి. బాకీవాడి ముందు నిలబడ్డప్పటి కళ్ళు.

హంద్రీ గట్టు (కర్నూలు)

నిన్న రాత్రి నుంచి మూడుసార్లు చదివాను. ఒక్కొక్కటిగా చెప్తా.

ఒక్కడు విషయంలో తమ్ముడు చెప్పింది నిజం. నా నియమాన్ని నేనే తప్పాను. ఎందుకు తప్పానో ఆలోచిస్తే, 2003 సంక్రాంతికి నాకు పదిహేడేళ్ళు. రోజూ ట్యూషన్‌కు పోతూ సైకిల్ మీద బురుజును దాటేవాణ్ణి. దాన్ని ఎవరూ తల ఎత్తి చూసేవాళ్ళు కాదు, దాని కింద జామకాయలు, చెప్పులు అమ్మేవాళ్ళు. ఆ రోజు తెరమీద అది కనిపించగానే థియేటర్ మొత్తం లేచి నిలబడింది. హీరో కోసం కాదు, బురుజు కోసం. చార్మినార్‌కు సెట్ వేసినవాళ్ళు మన బురుజు దగ్గరికి మాత్రం నిజంగా వచ్చారని మాకు గర్వం. గిల్లిలో కథ మదురైకి పోవచ్చు. నేను చూసింది కథ కాదు, మా ఊరు. ఆ సంతోషానికి మా ఊరు చెల్లించిన ధర కడప అక్క చెప్పిన ఇంటి సంగతిలో ఉంది. రెండూ నిజమే. ఒకదాన్ని చూపి ఇంకొకదాన్ని కొట్టేయలేను.

ధర్మవరం అన్నా, మీ మాటతో నియమం వెనక్కి తీసుకుంటున్నా. ఫ్యాక్షన్ ఉందా లేదా అని చూడడం తప్పు. మూడో రోజు ఉందా లేదా అని చూడాలి. ఆ లెక్కన 2002లో నేను ఇంద్రను పెట్టను. నీళ్ళ కథ అందులో ఉంది, కానీ అది హీరో ఎంత గొప్పవాడో చెప్పడానికి ఉంది, బిందె పట్టుకుని నిలబడ్డవాళ్ళ కోసం కాదు. అయినా తమ్ముడూ, నువ్వు నీ జాబితాలో అదే ఉంచు. నాయన చెయ్యి పట్టుకుని చూసిన సినిమాను ఏ నియమమూ తీసేయకూడదు.

అతడు, పోకిరి, మగధీర నాకూ ఇష్టమే. ఎవరైనా టీవీలో పెడితే ఆగి చూస్తా. అనుకోకుండా ఒక రోజు మాత్రం నేను వెతుక్కుని చూస్తా. అదే తేడా.

అక్కా, 2010 దగ్గర మర్యాద రామన్నకు చోటివ్వలేకపోతున్నా, రాములు పక్కకు జరగడం లేదు. గడప గురించి మీరు రాసింది మాత్రం ఎప్పటికీ మరిచిపోను. యాస గురించి అన్నది కూడా. ఇంతకాలం చూసినా అది నా చెవికి తట్టనందుకు బాధగా ఉంది.

మొన్న కొత్త నోటుబుక్కు కొన్నా. పది పేర్లూ రాశా. 2003 దగ్గర ఒక్కడు కింద, అదే ఏడాది ఏలేటి చంద్రశేఖర్ కొత్తవాళ్ళతో తీసిన ఐతే కూడా రాశా. ఆ ఏడాదికి రెండు ఉంటాయి.

ధర్మవరం అన్నా, మీ జాబితా కూడా రాయండి. మీ మామ థియేటర్‌లో చూసిన చివరి సినిమా ఏదో కనుక్కుని, ఆ ఏడాదికి అదే పెట్టండి.

మగ్గం గుంట (ధర్మవరం)

ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటింది. ఆదివారం పోతున్నా, అడుగుతా.