బర్గండీ పల్లెలో బస, పక్క ఊళ్లో మిషెలిన్ నక్షత్రాల భోజనం: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

గోదారిగట్టు:
అమ్మానాన్నల పెళ్లిరోజుకి వాళ్లని ఒక్క పూటైనా గొప్ప ఫ్రెంచ్ రెస్టారెంట్‌లో కూర్చోబెట్టాలని నా కోరిక. నాన్నకి వండటమన్నా, తినిపించటమన్నా ప్రాణం. సెప్టెంబర్‌లో మ్యూనిక్‌కి నా దగ్గరికి వస్తున్నారు, అక్కణ్నుంచి ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతానికి వెళ్దామనుకుంటున్నాం. అక్కడ షాన్యీ అనే చిన్న ఊళ్లో ఉన్న మెజోన్ లామెలువాజ్ రెస్టారెంట్ మనసులో ఉంది. హోటల్ కాకుండా చుట్టుపక్కల ఏదైనా పల్లెలో, మనుషులుండే ఇంట్లో ఉండాలని నాన్న ముచ్చట. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఎక్కడ దిగాలి? రాత్రి భోజనం అయ్యాక వెనక్కి ఎలా రావాలి? అసలు అమ్మకి తిండి దొరుకుతుందా?

లియోన్‌వాసి:
ముందు రెస్టారెంట్, తర్వాతే గది. చాలామంది గది బుక్ చేసుకుని, ఆ తర్వాత టేబుల్ కోసం వెతుకుతారు. పల్లెల్లో ఆ లెక్క పనికిరాదు. పెద్ద రెస్టారెంట్లు చాలావరకు వారంలో రెండు రోజులు మూసేస్తారు. ఒకచోట మంగళ, బుధవారాలు, ఇంకోచోట ఆదివారం రాత్రి, సోమవారం. ఏడాదిలో కొన్ని వారాలు పూర్తిగా సెలవు కూడా ఉంటుంది. కాబట్టి ముందు టేబుల్ ఖాయం చేసుకోండి, ఆ తేదీకి చుట్టూ గది చూడండి.

మీరడిగే ఇంటి బసని ఇక్కడ షాంబ్ర్ దోత్ అంటారు. చట్టప్రకారం ఐదు గదులు, పదిహేనుమంది అతిథులకి మించకూడదు. ఉదయం టిఫిన్, దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలోనే కలిసి ఉంటాయి. ఇంటివాళ్లే తలుపు తీస్తారు, వాళ్లే కాఫీ పోస్తారు. రిసెప్షన్ ఉండదు కాబట్టి ఎన్నింటికి చేరతారో ముందే చెప్పాలి. సాధారణంగా సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య రమ్మంటారు. షాన్యీకి దగ్గర్లోని బోన్ పట్నం చుట్టుపక్కల ఇద్దరికి టిఫిన్‌తో సుమారు 90 నుంచి 150 యూరోలు.

ఇంత గొప్ప భోజనశాలలు ఇంత చిన్న ఊళ్లలో ఎందుకున్నాయో నాన్నగారికి చెప్పండి, ఆయనకి నచ్చుతుంది. ప్యారిస్ నుంచి లియోన్ వెళ్లే పాత నేషనల్ 6 రోడ్డు సోల్యూ, షాన్యీ మీదుగా పోతుంది. కార్లలో దక్షిణానికి వెళ్లేవాళ్లు భోజనానికి, పడకకి ఈ ఊళ్లలో ఆగేవాళ్లు. మిషెలిన్ గైడ్ కూడా 1900లో ఒక టైర్ల కంపెనీ వాహనదారుల కోసం వేసిన పుస్తకమే కదా. గొప్ప వంటకి ఆ గైడ్ ఇచ్చే నక్షత్రాలు 1926లో వచ్చాయి, మూడు నక్షత్రాలంటే అన్నిటికంటే పై మెట్టు. లామెలువాజ్ కుటుంబం షాన్యీలో 1921లో మొదలుపెట్టింది. ఇప్పుడు వంటగది ఎరిక్ ప్రా చేతిలో ఉంది.

సైకిల్‌సవారీ:
రాత్రి కాకుండా మధ్యాహ్నం భోజనానికి వెళ్లండి. నా గట్టి అభిప్రాయం ఇది. చాలాచోట్ల మధ్యాహ్నం మెనూ చవక, వంట మాత్రం అదే చేయి. పన్నెండుకి మొదలుపెడితే మూడు, మూడున్నరకి లేస్తారు, పెద్దవాళ్లకి అరగటానికి సాయంత్రమంతా ఉంటుంది. చీకట్లో వెనక్కి రావటం అనే టెన్షనే ఉండదు. మేం బోన్ నుంచి పొమ్మార్, మెర్సో మీదుగా సాంత్నే దాకా ద్రాక్షతోటల మధ్య సైకిల్ దారిలో వెళ్లాం. నిజంగా అందమైన దారి. రాళ్ల గోడలు, వాటి మీద పెద్దక్షరాల్లో తోట పేరు, పక్కనే మోకాలెత్తు మొక్కల వరసలు. ఈ తోటల్ని యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పెద్దవాళ్లతో అయితే కారులో అదే దారి పక్కగా మెల్లగా వెళ్లొచ్చు.

చిన్నకారు:
మధ్యాహ్నం మాట బాగానే ఉంది గానీ, చాలామందికి రాత్రి భోజనమే కావాలి. వాళ్ల కోసం మాకు జరిగింది చెప్తాను. మేం దిగిన ఇంటి ప్రకటనలో "రెస్టారెంట్‌కి నడిచి వెళ్లొచ్చు" అని రాశారు. మ్యాప్‌లో చూస్తే మూడు కిలోమీటర్లే. కానీ అది ఫుట్‌పాత్ లేని, ఒక్క వీధి దీపం కూడా లేని రోడ్డు, మలుపులో కార్లు గంటకి ఎనభై మీద వస్తాయి. రాత్రి పదకొండున్నరకి మా ఆవిడ మంచి చెప్పులతో ఆ రోడ్డు పక్క గడ్డిలో నడిచింది. నాకు ఇప్పటికీ కోపమే. పల్లెల్లో యాప్‌లో నొక్కితే కారు రాదు. దయచేసి దూరం ఒక్కటే చూడకండి, రోడ్డు ఎలాంటిదో ఇంటివాళ్లని సూటిగా అడగండి.

లియోన్‌వాసి:
చిన్నకారు గారు చెప్పింది అక్షరాలా నిజం. టాక్సీ సంగతి ఇంటివాళ్లకే వదిలేయండి. వాళ్లకి తెలిసిన డ్రైవర్ ఒకరుంటారు, ముందురోజే చెప్పిస్తే వెళ్లటానికీ రావటానికీ కుదురుతుంది. మీరే నడుపుతానంటే గుర్తుంచుకోండి: ఇక్కడ పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్, కొత్త లైసెన్సువాళ్లకి 0.2. ప్రతి వంటకంతో ఒక గ్లాసు వైన్ పోసే భోజనం తర్వాత స్టీరింగ్ పట్టుకునే ప్రశ్నే లేదు. బలవంతం ఏమీ లేదు, "ఉన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు. మూడు నక్షత్రాల చోట కూడా ఎవరూ తక్కువగా చూడరు.

పప్పుచారు:
అమ్మగారి తిండి గురించి నేను చెప్తాను, నేనూ గుడ్డు తినను. దొరుకుతుంది, బాగా దొరుకుతుంది, కానీ టేబుల్ బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడికెళ్లి కూర్చున్నాక చెబితే పాపం వాళ్లకీ ఏం చేయాలో తోచదు. ఈ వంట పునాది అంతా దూడ ఎముకలు, కోడి ఎముకలు మరిగించిన రసం. పైకి కూరగాయ వంటకంలా కనిపిస్తుంది, అడుగున సాస్‌లో ఆ రసం ఉంటుంది. "శాకాహారి" అని ఒక్క మాట రాస్తే సరిపోదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో గుడ్డు, చీజ్ శాకాహారమే. నేను ఇలా విడివిడిగా రాస్తాను: మాంసం వద్దు, చేప వద్దు, మాంసం రసం వద్దు, జెలటిన్ వద్దు, గుడ్డు వద్దు. చివరి రెండూ మిఠాయిల కోసం. ఫ్రెంచ్ మిఠాయిల్లో గుడ్డు లేనివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ముందే తెలిస్తే పండ్లతో ఏదో ఒకటి చేసిపెడతారు. చీజ్ కోసం పాలు విరగ్గొట్టటానికి వాడే రెన్నెట్ చాలావరకు దూడ కడుపు నుంచి వచ్చేదే, కోంతే, ఎపువాస్ లాంటివన్నీ అంతే. అమ్మగారికి అది పట్టింపు అయితే చీజ్‌లు పెట్టిన బండిని మీ బల్ల దగ్గరికి తోసుకొచ్చినప్పుడు వద్దనేయటమే.

బర్గండీలో కూర్చోగానే గుజేర్ అని చిన్న చీజ్ పఫ్‌లు తెస్తారు. అందులోనూ గుడ్డు ఉంటుంది. ముందే రాసినందుకు నాకు వాటి బదులు వేరే పళ్లెం వచ్చింది: అరచేతిలో పట్టేంత ముల్లంగి, ఆకులతో సహా, కింద వెన్న, పైన ఉప్పు రవ్వలు. ఆ ముల్లంగి ఘాటు ఇంకా నాలుక మీద ఉంది. మిగతావాళ్లు తిన్నదాని కంటే నాదే బాగుందని నా నమ్మకం.

కోడిపులావు:
నక్షత్రాల సంగతి అందరూ చెప్తున్నారు, ఇంటి భోజనం సంగతి కూడా చెప్పనివ్వండి. కొన్ని బసల్లో రాత్రి తాబ్ల్ దోత్ ఉంటుంది. ఆ ఇంట్లో దిగినవాళ్లకి మాత్రమే, అందరికీ ఒకే బల్ల, ఒకటే మెనూ, ఇంటివాళ్లతో కలిసి భోజనం. సుమారు 30 నుంచి 45 యూరోలు, చాలాచోట్ల వైన్ అందులోనే. ముందురోజో, కనీసం ఆ పొద్దునో చెప్పాలి. రెస్టారెంట్లు మూసే రోజుకి ఇంతకంటే మంచి దారి లేదు.

మేం బర్గండీ దాటి బ్రెస్ వైపు, వొనాస్ దగ్గర దిగాం. జార్జ్ బ్లాంక్ రెస్టారెంట్ ఊరది. 1981 నుంచి ఉన్న మూడో నక్షత్రం 2025లో పోయింది, ఊరు మాత్రం ఇప్పటికీ భోజనప్రియులతో నిండే ఉంటుంది. బ్రెస్ కోడికి తెల్లని ఈకలు, తల మీద ఎర్రని తురాయి, నీలం కాళ్లు. 1957 నుంచి ఆ పేరుకి చట్టరక్షణ ఉంది. మేం దిగిన ఇంటి యజమానురాలు ఆ కోడిని మీగడలో వండి, పక్కన అన్నం పెట్టింది. అవును, అన్నమే! వెడల్పాటి ఇత్తడి గిన్నె బల్ల మధ్యలో పెట్టి, అంచున మాడిన మీగడని గరిటెతో గీకి, అందరికీ తలా కొంచెం వేసింది. పక్కన కూర్చున్న బెల్జియం పెద్దాయన ఎముక చేత్తో పట్టుకోగానే మేమూ మొదలుపెట్టాం. పెద్ద రెస్టారెంట్ భోజనం అద్భుతం, కాదనను. కానీ నాన్నగారి లాంటివాళ్లకి వండే మనిషితో మాట్లాడటం కావాలి, అది ఈ బల్ల దగ్గరే దొరుకుతుంది. ఒక రాత్రి దీనికి వదలండి.

గోదారిగట్టు:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ. మధ్యాహ్నం లామెలువాజ్, మర్నాడు రాత్రి ఇంటి బల్ల, ఇలా అనుకుంటున్నాం. ఇంకొక్క సందేహం. అమ్మ ఆవకాయ, నెయ్యి లేకుండా బయల్దేరదు. తేవచ్చా? గదిలో కాస్త అన్నం వండుకోవచ్చా?

పప్పుచారు:
ఆవకాయ తెచ్చుకోవచ్చు. నెయ్యి మాత్రం ఇండియా నుంచి తేకూడదు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవటం నిషేధం, పాలకోవా కూడా అంతే. మ్యూనిక్‌లోనే నెయ్యి కొనుక్కోండి. గదిలో వంట వద్దండీ, అది వాళ్ల ఇల్లు. వండుకోవాల్సిందే అంటే షాంబ్ర్ దోత్ కాకుండా జీత్ తీసుకోండి, దానికి విడిగా వంటగది ఉంటుంది. అయితే టిఫిన్ పెట్టే మనిషి ఉండరు. ఒక్క మాట: ఉదయం బల్ల మీద రొట్టె, వెన్న, ఇంట్లో చేసిన జామ్, పెరుగు ఉంటాయి, అమ్మగారికి హాయిగా సరిపోతాయి.

లియోన్‌వాసి:
సెప్టెంబర్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. ఆ నెలలో ద్రాక్షకోతలు. చూడటానికి పండగే, కానీ పల్లెల్లో గదులు కోతల పని మీద వచ్చేవాళ్లతో నిండిపోతాయి. కొన్ని ఇళ్లవాళ్లకి సొంత తోటలుంటాయి, ఆ వారాల్లో అతిథుల్ని తీసుకోరు. కాబట్టి ఇప్పుడే మెయిల్ పెట్టండి, రెస్టారెంట్‌కీ ఇంటికీ రెండిటికీ. టేబుల్‌కి చాలాచోట్ల కార్డు వివరాలు అడుగుతారు, చెప్పకుండా మానేస్తే డబ్బు కోస్తారు. ఎన్ని గంటల ముందు రద్దు చేయొచ్చో చూసుకోండి. ఫోన్ చేసేటట్టయితే మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య వద్దు, ఆ సమయంలో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. పదిన్నరకి చేయండి, ఫోన్ ఎత్తగానే "బోన్‌జూర్" చెప్పి మొదలుపెట్టండి.