సైకియాట్రీ వార్డుకి మార్చారు, అక్కడ నర్సు చేయాల్సిన పని అసలేంటి?

కొత్త_స్టాఫ్:
అందరికీ నమస్తే. జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక మెడికల్ వార్డులో, ఆ తర్వాత ఐసీయూలో చేశాను. ఈమధ్య రొటేషన్‌లో నన్ను సైకియాట్రీకి వేశారు. టీచింగ్ హాస్పిటల్, పేరు ఎందుకులెండి. ఇక్కడ నాకు పనే కనపడట్లేదు. ఐసీయూలో ఊపిరి తీసుకునే టైమ్ ఉండేది కాదు, ఇక్కడేమో పొద్దున బీపీ చూసి, మాత్రలు ఇచ్చి, రౌండ్స్ అయ్యాక ఆర్డర్లు ఎక్కిస్తే అయిపోయినట్టే ఉంది. మిగతా టైమంతా ఎవరో ఒకరు స్టేషన్ దగ్గరికొచ్చి "సిస్టర్, నన్ను ఇంటికెప్పుడు పంపుతారు" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళతో ఎక్కువ మాట్లాడకు, అలుసైపోతావు అని పాత స్టాఫ్ చెప్పారు. చదువుకునేటప్పుడు ఎర్రగడ్డకి పోస్టింగ్‌కి వెళ్ళాం కానీ నిజం చెప్పాలంటే ఫైల్ నింపుకుని వచ్చేశాం. భయం కూడా ఉంది, ఎప్పుడు ఎవరు చెయ్యి ఎత్తుతారో అని. సైకియాట్రీలో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎనిమిది గంటల డ్యూటీలో మీరు ఏం చేస్తారో కొంచెం వివరంగా చెప్పండి. పుస్తకంలో ఉన్నది కాదు.

వైజాగ్_సిస్టర్:
చెల్లీ, పని లేకపోవడం కాదు, ఐసీయూలో మానిటర్ చూసేది ఇక్కడ నువ్వు చూడాలి. డాక్టర్ గారు రౌండ్స్‌లో ఒక్కో మంచం దగ్గర మహా అయితే పది నిమిషాలు నిలబడతారు, ఆ పది నిమిషాలూ పేషెంట్ చక్కగా సమాధానాలు చెప్తాడు. రాత్రి రెండింటికి లేచి కిటికీ దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడేది, అన్నం ప్లేటు వాసన చూసి పక్కన పెట్టేది (అందులో మందు కలిపారని అనుమానం), మూడు రోజుల నుంచి స్నానం చేయని మనిషి ఇవాళ తల దువ్వుకున్నది, ఇవన్నీ కనపడేది నీకే. మందు పని చేస్తోందా లేదా అన్నది సగం నీ నోట్స్ మీదే తేలుతుంది.

మాత్రలు ఇవ్వడం కూడా ఇక్కడ వేరే పని. చేతిలో పెట్టి వెళ్ళిపోకూడదు. నీ ఎదురుగా మింగాలి, నీళ్ళు తాగాలి, నోరు తెరిపించి నాలుక కింద, బుగ్గ లోపల చూడాలి. దొంగని పట్టుకున్నట్టు కాదు, మామూలుగా మాట్లాడుతూనే. కొంతమంది మింగకుండా దాచి దిండు కవర్లో పోగేస్తారు, తర్వాత అన్నీ ఒకేసారి మింగడానికి. డిప్రెషన్‌తో వచ్చినవాళ్ళ దగ్గర ఇది మరీ జాగ్రత్త. ఇంకో సంగతి, వాళ్ళు బాగా కుంగిపోయి ఉన్నప్పటికంటే మందు మొదలుపెట్టాక కాస్త ఓపిక వచ్చే మొదటి వారాల్లో ప్రమాదం ఎక్కువ ఉండొచ్చు, చావాలన్న ఆలోచన పోకముందే కాళ్ళూ చేతులూ ఆడతాయి కాబట్టి. నిన్నటిదాకా ముడుచుకు పడుకున్నవాడు ఉన్నట్టుండి ప్రశాంతంగా నవ్వుతూ తన వాచీ పక్క బెడ్ అబ్బాయికి ఇచ్చేస్తే సంతోషపడి ఊరుకోవద్దు, డ్యూటీ డాక్టర్‌కి చెప్పు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి కూడా వెనకాడొద్దు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు.

మాట్లాడొద్దు అన్నవాళ్ళ మాట వినకు. అయితే దానికీ ఒక పద్ధతి ఉంది. గోడలోంచి మా బావ తిడుతున్నాడు అంటే "ఎవరూ లేరు, ఊరికే ఊహించుకుంటున్నావు" అని వాదించకూడదు, "అవునా, ఏమంటున్నాడు" అని అతని కథలోకీ వెళ్ళిపోకూడదు. "నీకు వినపడుతోంది, అది నీకు కష్టంగా ఉంది, నాకైతే ఏమీ వినపడట్లేదు, కాసేపు అటు నడుద్దాం రా" అంటే సరిపోతుంది. అయితే ఆ గొంతు ఏమైనా చేయమని చెప్తోందా, నిన్ను నువ్వు పొడుచుకోమనో ఇంకొకరిని కొట్టమనో అంటోందా, అది మాత్రం తప్పకుండా అడిగి తెలుసుకో.

రాయలసీమ_పీజీ:
సిస్టర్ గారు చెప్పినవాటికి మందుల సంగతి కలుపుతాను, ఎందుకంటే మేము పీజీ డాక్టర్లం అర్ధరాత్రి పరిగెత్తేది వీటికే.

భ్రమలు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి ఇంజెక్షన్ పడ్డ మొదటి రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్ళకి, మెడ ఒక పక్కకి తిరిగిపోయి కళ్ళు పైకి వెళ్ళిపోయి నాలుక బయటికి వచ్చేస్తుంది. అటెండెంట్లు (పేషెంట్‌కి తోడున్న ఇంటివాళ్ళు) దెయ్యం మళ్ళీ పట్టిందని ఏడుస్తారు, కొంతమంది తాయెత్తు కట్టేస్తారు కూడా. అది డిస్టోనియా, అంటే మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం, వెంటనే పిలిస్తే ఫెనర్గాన్ ఇంజెక్షన్ రాస్తాం, చాలామందికి అరగంటలో సర్దుకుంటుంది. దీనికంటే కనిపెట్టడం కష్టమైంది అకథీసియా, ఇదీ ఆ మందుల వల్ల వచ్చేదే. పేషెంట్ ఒక చోట కూర్చోలేడు, అటూ ఇటూ తిరుగుతాడు, నిలబడి కాళ్ళు మార్చి మార్చి వేస్తాడు. జబ్బు ఎక్కువైంది అనుకుని అదే ఇంజెక్షన్ ఇంకోటి వేయిస్తే ఇంకా పెరుగుతుంది. మనసులో గాభరాగా ఉందా, లేక కాళ్ళే ఆగట్లేదా అని అడగండి, చాలామంది తేడా చెప్పగలరు. జ్వరం, ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోవడం, చెమటలు, అయోమయం కలిసి వస్తే మాత్రం పొద్దుటిదాకా ఆగకండి, అది ఎన్ఎమ్ఎస్ (ఈ మందులు ఒంటికి తీవ్రంగా వికటించడం) కావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది.

మూడ్ నిలకడగా ఉంచడానికి లిథియం వాడే పేషెంట్లకి చేతివేళ్ళు సన్నగా వణకడం మామూలే. వణుకు పెద్దదై, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం కనపడితే తర్వాతి డోస్ ఆపి పిలవండి. రక్తంలో లిథియం లెవెల్ చూడడానికి రక్తం చివరి డోస్ పడ్డ 12 గంటలకి తీయాలి, పొద్దున మాత్ర వేశాక తీస్తే ఆ రిపోర్టు నమ్మలేం. మన ఎండాకాలంలో చెమట పట్టి నీళ్ళు తగ్గినా, ఉప్పు ఒక్కసారిగా మానేసినా, ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో ఇబుప్రొఫెన్ లాంటివి కొనుక్కుని వాడినా లెవెల్ పెరిగిపోతుంది. డిశ్చార్జ్ రోజు ఇవి ఇంటివాళ్ళకి తెలుగులో కూర్చోబెట్టి చెప్పేది సిస్టర్లే, మేము రాసిచ్చే కాగితం ఎవరూ చదవరు. భ్రమలు తగ్గించే ఇంకో మందు క్లోజాపిన్ వాడేవాళ్ళకి జ్వరం, గొంతు నొప్పి వస్తే రక్తంలో తెల్లకణాలు చూడాలి, అది అందరికీ గుర్తుంటుంది. మలబద్ధకం సంగతి ఎవరూ అడగరు, అది ముదిరితే పేగు ఆగిపోయేదాకా వెళ్తుంది. రోజూ అడగండి.

తాగుడు మానిపించడానికి చేర్చినవాళ్ళు ఉంటే రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కళ్ళు వాళ్ళ మీదే ఉంచండి. చేతులు వణుకుతూ, చెమటలు పట్టి, లేని పురుగుల్ని దులుపుకుంటుంటే అది పిచ్చి కాదు, డెలీరియం, అంటే తాగుడు ఆపడం వల్ల వచ్చే అయోమయం. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ (బి1 విటమిన్) పడిందో లేదో ఒకసారి ఆర్డర్ చూడండి.

తమ్ముడి_అక్క:
నేను నర్సుని కాదు. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా, రెండు చోట్ల అడ్మిట్ చేశాం. మొదటి చోట వాడిని పేరుతో పిలిచినవాళ్ళు లేరు, "ఏడో నంబర్" అనేవాళ్ళు, వాడి ముందే మాతో "వీడికి ఏం అర్థం కాదులే" అన్నారు. వాడికి అంతా అర్థమైంది, ఇప్పటికీ గుర్తు చేసుకుంటాడు. రెండో చోట ఒక సిస్టర్ గారు రోజూ ఒకే టైమ్‌కి వచ్చి పక్కన స్టూల్ మీద కూర్చునేవారు. మొదట వాడు మాట్లాడలేదు, ఆవిడా బలవంతం చేయలేదు, "రేపు ఇదే టైమ్‌కి వస్తాను" అని వెళ్ళిపోయేవారు, చెప్పినట్టే వచ్చేవారు. ఇప్పుడు వాడు నెల నెలా ఇంజెక్షన్‌కి గొడవ లేకుండా వస్తున్నాడంటే ఆవిడే కారణమని నేననుకుంటాను. మీకు పని కనపడట్లేదు అన్నారు కదా, అందుకని రాశాను. "ఇంటికెప్పుడు పంపుతారు" అని పదిసార్లు అడిగితే విసుగే, కాదనను. కానీ "రేపు పంపుతాం" అని అబద్ధం మాత్రం చెప్పకండి, ఆ రేపు కోసం వాళ్ళు నిజంగా బట్టలు సర్దుకుని కూర్చుంటారు.

కొత్త_స్టాఫ్:
అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా అక్కకి. ఆ "రేపు పంపుతాం" మాట మా వార్డులో రోజూ వింటున్నాను. ఇంకో డౌట్. నైట్‌లో ఇద్దరమే స్టాఫ్ ఉంటాం. ఎవరైనా అరుస్తుంటే అటెండెంట్లే "కట్టేయండి సిస్టర్, మేం నిద్రపోవాలి" అంటున్నారు. కట్టొచ్చా? రూల్ ఏంటి?

మేల్_నర్స్_హైదరాబాద్:
వాళ్ళ నిద్ర కోసమైతే కట్టకూడదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో ఇది స్పష్టంగా ఉంది. అతనికో పక్కవాళ్ళకో అప్పటికప్పుడు హాని జరగబోతుంటే, ఆపడానికి ఇంకే దారీ లేకపోతేనే, అదీ అతనికి వైద్యం చేస్తున్న సైకియాట్రిస్ట్ అనుమతితోనే, అవసరమైనంత సేపే. శిక్షగా కట్టకూడదు, స్టాఫ్ తక్కువ ఉన్నారన్న కారణంతోనూ కట్టకూడదు. గొలుసులు ఏ రూపంలోనూ వాడకూడదు, ఒంటరిగా గదిలో పెట్టి గడియ వేయడమూ నిషేధమే. ఎందుకు కట్టారు, ఎలా, ఎంతసేపు అన్నది కేస్ షీట్‌లో రాయాలి, నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కి (చట్టం ప్రకారం పేషెంట్ తరఫున ఉండే మనిషికి) 24 గంటల్లోపు తెలియజేయాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర నడిపిన ఒక షెడ్డులో మంటలు లేస్తే గొలుసులతో కట్టి ఉన్నవాళ్ళు పారిపోలేక చనిపోయారు, మొత్తం 28 మంది. ఆ సంగతి తెలిసిన ఎవరికైనా "కాసేపే కదా" అన్న మాట మింగుడుపడదు.

కట్టక తప్పకపోతే కట్టి వెళ్ళిపోవడం కాదు, ఒకరు కళ్ళముందే ఉండాలి. పదిహేను నిమిషాలకోసారి వేళ్ళ రంగు, వేడి, నాడి చూడాలి, నీళ్ళు తాగించాలి, యూరిన్‌కి అడగాలి, బోర్లా ఎప్పుడూ పడుకోబెట్టకూడదు. ఎందుకు కట్టామో, ఎప్పుడు విప్పుతామో అతనికే చెప్పాలి.

నా అనుభవంలో అంతదాకా రాకుండానే సగం ఆగుతాయి. చెయ్యి ఎత్తే ముందు నడక వేగం పెరుగుతుంది, గొంతు పెరుగుతుంది, పిడికిలి బిగుస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్న జనాన్ని పంపించి, ఒక్కరే మాట్లాడాలి, చిన్నగా, చెయ్యి అందనంత దూరంలో, తలుపు మీ వెనకే ఉండేట్టు, అతన్ని మూలకి నెట్టకుండా. "ఏం కావాలి" అని అడిగితే కొన్నిసార్లు జవాబు చాలా చిన్నది. బీడీ, ఫోన్ కాల్, దుప్పటి. అన్నీ ఇవ్వలేం, కానీ ఎందుకు ఇవ్వలేమో చెప్పొచ్చు. మెడలో చున్నీ, ఐడీ కార్డు తాడు, జేబులో కత్తెర మాత్రం డ్యూటీలో వద్దు.

ఇద్దరే స్టాఫ్ అన్నది ఇక్కడ అడిగితే తీరేది కాదు. ఏ రాత్రి ఎంతమంది పేషెంట్లకి ఎందరు ఉన్నారో రిజిస్టర్‌లో రాసి, ఇన్‌చార్జ్ సిస్టర్ ద్వారా సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా పంపండి. నోటిమాటగా చెప్తే ఏదైనా జరిగిన రోజు తప్పు మీ మీదికే వస్తుంది.

వైజాగ్_సిస్టర్:
హైదరాబాద్ తమ్ముడు చెప్పింది కరెక్ట్. నోట్స్ గురించి ఒక్క మాట, చెల్లీ. "పేషెంట్ కోఆపరేటివ్, స్లెప్ట్ వెల్" అని ముప్పై మందికీ ఒకేలా రాసి సంతకం పెట్టేయకు. "రాత్రి 11 నుంచి 2 దాకా నిద్ర, తర్వాత తలుపు దగ్గర నిలబడి నవ్వుకుంటున్నాడు, అడిగితే ఏమీ లేదన్నాడు, టిఫిన్ సగం తిన్నాడు" అని రాయి. ఎక్కువ టైమ్ పట్టదు. రాసింది హ్యాండోవర్‌లో నోటితో కూడా చెప్పు, పొద్దున షిఫ్ట్ వాళ్ళు చదవరు.