ఫ్రాంటియర్ అంటే సరిహద్దేనా? జాన్ సెవీర్ వ్యాసంలో మాటల చిక్కు

ప్రశ్న: అమెరికాలోని టెనెసీ రాష్ట్రపు తొలి గవర్నర్ జాన్ సెవీర్ (1745–1815) గురించిన వ్యాసంలో "సరిహద్దు నాయకుడు" అని రాస్తే చదివినవాళ్లు దేశ సరిహద్దు అనుకుంటున్నారు. ఫ్రాంటియర్‌కు ఇంకేం మాట వాడాలండి? "గవర్నర్" ఎలాగూ మనకు తెలిసిందే కాబట్టి దాంతో ఇబ్బంది లేదనుకుంటాను.

జవాబు: వాయవ్య సరిహద్దు రాష్ట్రం, సరిహద్దు గాంధీ అని వినీ వినీ మనకు ఫ్రాంటియర్ అంటే సరిహద్దు అయిపోయింది. అక్కడ కుదిరింది, అవతల అఫ్ఘానిస్తాన్ ఉంది కనక. అమెరికా తూర్పున ఉన్న అపలేషియన్ కొండల సంగతి వేరు. 1763లో బ్రిటిష్ రాజు కొండల వెంబడి గీత గీసి, అది దాటి కాపురాలు పెట్టొద్దన్నాడు. జనం వినలేదు. దాటి వెళ్లి వటాగా, హోల్‌స్టన్ నదుల ఒడ్డున దిగారు. అంటే ఫ్రాంటియర్ కదులుతూ పోయే అంచు. ఎల్ల, పొలిమేర కదలవు, అందుకే అవీ అతకవు.

నా ఓటు "వలస సీమ"కు. సంస్కృతంలో సీమ అంటే హద్దు, తెలుగులో రాయలసీమ, కోనసీమ అన్నప్పుడు ప్రాంతం. ఫ్రాంటియర్‌లో రెండూ ఉన్నాయి. ఒట్టి "సీమ" మాత్రం వద్దు, సీమదొర, సీమచింత గుర్తొచ్చి ఇంగ్లండుకు పోతాం. "బంజరు", "ఖాళీ నేల" అసలే వద్దు. అక్కడ ఆదివాసులైన చెరోకీల ఊళ్లున్నాయి.

ఇంకొకరు: గవర్నర్‌తో ఇబ్బంది లేదన్నారు గానీ, అసలు చిక్కు అక్కడే ఉందండి. మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. సెవీర్ కథలో ఈ ఒక్క మాట మూడు రకాల పదవులకు వస్తుంది.

మొదటిది ఫ్రాంక్లిన్ అనే రాష్ట్రం. నార్త్ కెరొలైనా రాష్ట్రం తన పడమటి భూమిని 1784లో కేంద్రానికి ఇస్తానని, కొన్ని నెలలకే వెనక్కి తీసుకుంది. ఈలోగా అక్కడివాళ్లు ఫ్రాంక్లిన్ పేరుతో వేరే రాష్ట్రం ప్రకటించుకున్నారు. 1785లో వాళ్ల శాసనసభ సెవీర్‌ను గవర్నర్‌గా ఎన్నుకుంది. దాన్ని చేర్చుకోవడానికి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో 9 రాష్ట్రాల మద్దతు కావలసి ఉండగా 7 మాత్రమే ఒప్పుకున్నాయి. కాబట్టి "గుర్తింపు రాని ఫ్రాంక్లిన్ రాష్ట్రం" అనే రాయాలి. 1788కల్లా అది కూలిపోయింది.

రెండోది 1790లో ఏర్పడ్డ నైరుతి టెరిటరీ, అంటే ఇంకా రాష్ట్రం కాని, కేంద్రం పాలించే ప్రాంతం. దాని గవర్నర్ విలియం బ్లౌంట్, సెవీర్ కాదు. ఆయన్ను నియమించింది అధ్యక్షుడు వాషింగ్టన్. మన పద్ధతికి దగ్గరిది ఇదొక్కటే.

మూడోది 1796 నాటి టెనెసీ. ఈసారి ఓటర్లే సెవీర్‌ను ఎన్నుకున్నారు.

ప్రశ్న: అయితే "ముఖ్యమంత్రి" అనేస్తే?

ఇంకొకరు: వద్దండి. ముఖ్యమంత్రికి సభలో మెజారిటీ పోతే పదవి పోతుంది. అక్కడ గవర్నర్‌కు ఆ లంకె లేదు. "గవర్నర్" ఉంచి, క్రియతో తేడా చూపించండి: బ్లౌంట్‌ను నియమించారు, సెవీర్‌ను ఎన్నుకున్నారు. టెరిటరీని ఒకసారి "కేంద్రపాలిత ప్రాంతం లాంటిది" అని చెప్పి, తర్వాత టెరిటరీ అనే వాడండి. రాష్ట్ర హోదాకు కావలసినవాళ్లు 60,000 మంది "స్వతంత్రులు". దీన్ని "జనాభా" అని తెలిగిస్తే లెక్క మారిపోతుంది, ఎందుకంటే 1795 జనగణనలో తేలిన 77,262 మందిలో బానిసలూ ఉన్నారు.

మరొకరు: పదవీకాలం వాక్యం కూడా చూసుకోండి. పదవి రెండేళ్లది. 1796 రాజ్యాంగం ప్రకారం ఏ ఎనిమిదేళ్లలోనూ ఆరేళ్లకు మించి ఉండకూడదు. "ఆరేళ్లకు మించి పనికిరాదు" అని కుదిస్తే సెవీర్ మళ్లీ ఎలా వచ్చాడో అర్థం కాదు. వరుసగా మూడుసార్లు చేసి 1801లో దిగాడు, మధ్యలో ఆర్చిబాల్డ్ రోన్, 1803 నుంచి 1809 దాకా మళ్లీ మూడుసార్లు.

పేరు "సెవీర్"గా మీరు రాసిందే సరి, "సెవియర్" కాదు.

చనిపోయిన చోటును "అలబామా రాష్ట్రం" అనకండి. అది రాష్ట్రమైంది 1819లో. 1815 నాటికి మిసిసిపీ టెరిటరీలోది. క్రీక్ అనే ఆదివాసీ జాతి భూముల హద్దు కొలిచే పనిమీద వెళ్లి అక్కడే పోయాడు. ఆ ఒక్క వాక్యంలో మాత్రం "సరిహద్దు" నిక్షేపంగా వాడుకోవచ్చు.