విండోను పక్కకి "ఒదిగించడం" అనవచ్చా?

ప్రశ్న: కంప్యూటర్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం, తెర మీద విండోలను కీబోర్డుతోనే సర్దుకోవడం గురించి తెలుగులో రాస్తున్నాను. విండోస్ కీతో ఎడమ బాణం కలిపి నొక్కితే, విండో తెరలో ఎడమ సగంలోకి వెళ్లి కూర్చుంటుంది కదా. స్నాప్ అనే ఆ పనికి ఏ క్రియ బాగుంటుంది? అతికించు, అమర్చు, సర్దు మూడూ రాసి చూశాను. ఏదీ తృప్తిగా లేదు.

జవాబు: నా ఓటు "ఒదిగించు"కి. "అతికించు" అనేది కాపీ చేసినదాన్ని పేస్ట్ చేయడానికి ఇప్పటికే స్థిరపడిపోయింది. అమరికలు అంటే సెట్టింగ్స్ అయిపోయాయి. "సర్దు" మంచి మాటే, కానీ అది మొత్తం పనికి పేరు. ఆ ఒక్క కీ చేసే పని వేరు. విండో పక్కకి జరుగుతుంది, జరిగిన చోటుకి సరిపడేలా తన కొలతా మార్చుకుంటుంది. ఈ రెండూ కలిసిన క్రియ మనకు ఒదుగు. గణాల్లో ఒదగని మాట అంటాం, ఒడిలో ఒదిగిన పాప అంటాం. రెండు చోట్లా ఉన్న జాగాను బట్టి తనను తాను మలుచుకోవడమే ఉంది.

విండోస్ 7తో 2009లో ఈ బాణాల పద్ధతి వచ్చినప్పుడు సగాలే ఉండేవి. 2015లో విండోస్ 10 మూలలు కూడా ఇచ్చింది. ఎడమ బాణం తర్వాత పై బాణం కొడితే విండో ఎడమ పై మూలలో, తెరలో పావు వంతుకి ఒదుగుతుంది. "మూలకి ఒదిగించు" అని చదివి చూడండి, వివరణ అక్కర్లేదు.

ఇంకొకరు: ఒదిగించు నాకూ నచ్చింది. కానీ ఇంతకంటే ముఖ్యమైన చిక్కు ఒకటుంది. "విండోస్ ప్లస్ ఎడమ బాణం నొక్కండి" అని రాయకండి. కొత్తవాళ్లు కీబోర్డు మీద ప్లస్ గుర్తు ఎక్కడుందో వెతుకుతారు. లేదంటే ఒక కీ నొక్కి వదిలేసి, తర్వాత రెండోది నొక్కుతారు, స్టార్ట్ మెనూ తెరుచుకుని టెన్షన్ పడతారు. తెలుగులో దీనికి చక్కటి వాక్యం ఉంది: "విండోస్ కీ నొక్కిపట్టి, ఎడమ బాణం కొట్టండి." నొక్కిపట్టడం ఒకటి, కొట్టడం ఇంకొకటి. రెండు క్రియలు వేరుగా ఉంటే ఏ వేలు ఆగాలో, ఏ వేలు కదలాలో చదువుతుండగానే తెలిసిపోతుంది. మూలకి పంపాలంటే "వదలకుండానే పై బాణం కూడా కొట్టండి" అని చేరిస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు: ఇది నాకు తట్టలేదండీ, చాలా ఉపయోగం. మరి మినిమైజ్‌కి? "చిన్నది చేయి" అని రాశాను.

మొదటి జవాబు రాసినవారు: అది మార్చండి. విండో చిన్నదవదు, తెర మీది నుంచి పోయి టాస్క్‌బార్‌లో ఉంటుంది. చిన్నది చేయి అంటే అంచు పట్టుకుని లాగి కొలత తగ్గించడం అనుకుంటారు. "దించు" అనండి. విండోస్ కీ నొక్కిపట్టి కింది బాణం కొడితే, తెరంతా పరుచుకున్న విండో ముందు తన పాత కొలతకి వస్తుంది, మళ్లీ కొడితే టాస్క్‌బార్‌లోకి పోతుంది. ఒక్కో మెట్టూ దిగడమే కాబట్టి ఒకే క్రియ రెండింటికీ సరిపోతుంది.

పేర్చు, పరుచు కూడా కలిపేయవద్దు. 1985లో వచ్చిన మొదటి విండోస్‌లో విండోలు ఒకదాన్నొకటి కప్పేవి కావు, పక్కపక్కన పరిచినట్టు ఉండేవి. 1987 నాటి రెండో విండోస్ నుంచే ఒకదాని మీద ఒకటి పేర్చడం కుదిరింది. టైలింగ్ అనే మాటకి "పరుచు" వాడితే ఈ తేడా నిలుస్తుంది. విండో అన్న మాటను మాత్రం కిటికీగా మార్చవద్దు. అందరి నోటా ఉన్నదాన్ని తీసి ఇంకోటి పెడితే చదివేవాడికి భారం.

ఇంకొకరు: రెండు మానిటర్లు ఉన్నవాళ్ల సంగతి? విండోస్ కీ, షిఫ్ట్ రెండూ నొక్కిపట్టి పక్క బాణం కొడితే విండో అవతలి తెరకి పోతుంది. "తరలించు" ఆఫీసు ఉత్తర్వులా ఉంది.

ప్రశ్న అడిగినవారు: "దాటించు" అని రాస్తున్నాను. "విండోను అవతలి తెరకి దాటించి, అక్కడ కుడి సగంలో ఒదిగించండి."