2017 సిటీ డీజిలా, 2021 సిటీ పెట్రోలా?

ప్రశ్న (ఒంగోలు)
అన్నలూ, రెండు సెకండ్‌హ్యాండ్ హోండా సిటీలు చూసి పెట్టుకున్నా. 2017 డీజిల్ లక్షా ఇరవై వేలు తిరిగింది, అయిదున్నర లక్షలంటున్నారు. 2021 పెట్రోల్ మాన్యువల్ నలభై వేలు తిరిగింది, తొమ్మిదికి తక్కువైతే ఇవ్వడంట. నాది రొయ్యల మేత వ్యాపారం. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు చెరువుల మీదే తిరుగుడు, నెలకు పదిహేను వందల కిలోమీటర్లు. మా నాయనకు మోకాళ్ల నొప్పులు, నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్తుండాలి. డీజిల్ మైలేజీ చూస్తే మనసు అటే పోతోంది.

జవాబు (కావలి)
నేను నడిపేది ఆ డీజిలే తమ్ముడూ. హైవేలో ఇరవై ఇస్తుంది, టైమింగ్ చైన్ కాబట్టి బెల్టు మార్చే ఖర్చు లేదు. కానీ ఇంజన్ మోత! మూసునూరు టోల్ దగ్గర క్యూలో నిలబడితే మా ఆవిడ ట్రాక్టర్ ఎక్కించావా అంటుంది.

డబ్బు లెక్కలో డీజిలే గెలుస్తుంది, కొనేటప్పుడూ తక్కువే, నడిపేటప్పుడూ తక్కువే. అయినా నీకు నేను 2021దే చెబుతా. అది ఐదో తరం సిటీ అయితే, వీఎస్‌ఏ అనే స్టెబిలిటీ కంట్రోల్ అన్ని వేరియంట్లలోనూ ఉంది. వానలో సడన్‌గా స్టీరింగ్ తిప్పాల్సి వస్తే కారు జారకుండా పట్టుకునేది అదే. రాత్రిపూట హైవే పక్కన లైట్లు లేకుండా లారీలు ఆపుతారు, ఆ రోడ్డు నీకూ తెలుసు. పైగా 2023లో సిటీ డీజిల్ అమ్మకం ఆపేశారు. రేపు నువ్వు అమ్మబోతే ఆ పాతదానికి ఏం పలుకుతుందో చెప్పలేం.

కొత్తది పొడుగని మురిసిపోవద్దు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండింటికీ 2,600 మి.మీ.నే. వెడల్పు మాత్రం 1,695 నుంచి 1,748కి పెరిగింది. నాయన లేచి కూర్చోవడానికి రెండూ కిందికే ఉంటాయి, కొనేముందు ఆయన్ని ఎక్కించి దించి చూడు.

జవాబు (సింగరాయకొండ)
అన్న చెప్పింది సరే, కానీ చెరువు కట్ట మీదికి ఏ సెడానూ వద్దు, సిటీకి గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు అడుగుకూ మధ్య ఎత్తు) 165 మి.మీ.. కట్ట మీదికి మోటార్ సైకిల్ మీద పో. ఏ కారైనా లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు భాగం చూడు. ఉప్పునీళ్లు తగిలిన కారుకు సైలెన్సర్, బ్రేకు పైపులు ముందు తుప్పు పడతాయి. పైన పాలిష్ కొట్టి మెరిపిస్తారు, కింద ఎవడూ తుడవడు.

ప్రశ్న అడిగిన వ్యక్తి
ఆ డీజిల్ ఓనరుకు కూడా చెరువులే ఉన్నాయన్నా! ఆదివారం మెకానిక్‌ను, నాయనను ఇద్దరినీ తీసుకెళ్తా. పెట్రోల్ ఎనిమిదిన్నరకి దిగితే అదే.